బొమ్మా? బొరుసా? రోమన్ నాణేల మీద మీ ప్రశ్నలు, డ్రాయింగ్ మాస్టారి జవాబులు

కిందటి సంచికలో రోమన్ నాణేల మీది బొమ్మల గురించి ఒక పేజీ రాస్తే సంచీడు ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని ఒకచోట కలిపాను. ధరలు అడిగినవాళ్ళు మన్నించాలి, ఆ లెక్కలు నాకు రావు. ఉద్యోగమంతా బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పినవాణ్ణి. నాణెం కనబడితే నా కళ్ళు ముందు మెడ మీదికీ చెవి మీదికీ పోతాయి. అక్షరాలూ చరిత్రా ఆ తర్వాతే. జవాబుల్లో ఆ పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: చక్రవర్తులు తమ గొప్ప చాటుకోడానికే నాణేల మీద బొమ్మలు వేయించారని చదివాను. మరి చక్రవర్తులు రాకముందు ఏముండేవి? ఎవరు నిర్ణయించేవారు? – ఒక డిగ్రీ విద్యార్థిని

చక్రవర్తులు రావడానికి చాలా ముందే ఈ ఆట మొదలైందమ్మా. డెనారియస్ అనే వెండి నాణెం పుట్టింది క్రీ.పూ. 211 ప్రాంతంలో, రోము శత్రువు హానిబాల్ ఇటలీలో తిష్ఠ వేసిన రోజుల్లో. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత, బొరుసు వైపు గుర్రాల మీద దౌడు తీస్తున్న కవల దేవుళ్ళు కాస్టర్, పోలక్స్. దశాబ్దాల తరబడి దాదాపు ఇదే వరస. చూస్తే ఆవలింత వస్తుంది.

దాన్ని మార్చింది కుర్రాళ్ళు. టంకశాల బాధ్యత ముగ్గురు యువకులకు అప్పగించేవారు. రాజకీయాల్లోకి రావాలనుకునే పెద్దింటి బిడ్డలకు అది తొలిమెట్టు. రేపు ఓట్లు అడగాల్సినవాడు ఊరుకుంటాడా? తాత గెలిచిన యుద్ధం, ముత్తాత కట్టించిన కట్టడం, మా వంశానికి మూలపురుషుడని చెప్పుకునే దేవుడు, అన్నీ నాణేలకెక్కాయి. ఇంటిపేరుతో హాస్యాలు కూడా ఆడేవారు. క్రీ.పూ. 84లో ఫ్యూరియస్ క్రాసిపెస్ అనే అధికారి దేవత తల వెనకాల ఒక మనిషి పాదం చెక్కించాడు. ఆయన ఇంటిపేరుకు అర్థం ‘లావుకాలు’. తనను తాను ఎగతాళి చేసుకున్నా పర్లేదు, పేరు గుర్తుంటే చాలు.

ఆ కాలం నాణేల్లో నాకు బాగా నచ్చేది క్రీ.పూ. 113 ప్రాంతంలో లిసినియస్ నెర్వా వేయించినది. బొరుసు మీద పోలింగు జరుగుతోంది! సన్నటి వంతెన మీద ఇద్దరు పౌరులు. ఎడమవైపు మనిషి కిందనుంచి ఒకడు అందిస్తున్న ఓటు పలకను వంగి అందుకుంటున్నాడు. కుడివైపు మనిషి అప్పటికే తన పలకను బుట్టలో వేస్తున్నాడు. ఇదంతా బొటనవేలి గోరంత జాగాలో. ఆ వంగిన నడుము చూడండి, రెండు గీతల్లో తేల్చేశాడు చెక్కినవాడు.

ఈ విద్య రోము శత్రువులూ నేర్చేశారు. క్రీ.పూ. 91లో ఇటలీలోని మిత్రజాతులు రోము మీద తిరగబడి, సొంతంగా డెనారియస్‌లు వేసుకున్నాయి. ఒకదాని మీద ఎద్దు తోడేలును కిందపడేసి కొమ్ములతో కుమ్ముతోంది. ఎద్దు ఇటలీ, తోడేలు రోము. చదువురానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ.

చక్రవర్తులొచ్చాక ఇన్ని ఇళ్ళ పోటీ పోయి అంతా ఒకే ఇంటి వ్యవహారమైంది. మీరు చదివిన పుస్తకం అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఉంటుంది.

ప్రశ్న: బతికున్న మనిషి ముఖం నాణెం మీద వేయించుకున్నది జూలియస్ సీజరే మొదలా? ఆయన్ను చంపింది అందుకేనా? – రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

రోము నగరపు టంకశాలలో అయితే ఆయనదే మొదటిది, క్రీ.పూ. 44 ఆరంభంలో. అప్పటిదాకా దేవతలకూ పోయినవాళ్ళకూ మాత్రమే ఆ చోటు. బతికున్న రాజు తన ముఖం వేసుకోవడం తూర్పున గ్రీకు రాజ్యాల అలవాటు. రోములోనేమో రాజు అంటే తిట్టుతో సమానం. చంపడానికి అదొక్కటే కారణమని అనలేం గానీ, సీజర్ మీద రాసుకున్న నేరాల పట్టీలో ఇదీ ఉంది.

ఆ ముఖం మాత్రం అందంగా చెక్కిన ముఖం కాదు. సన్నగా పీలగా సాగిన మెడ, దాని మీద అడ్డంగా ముడతలు, ముందుకు పొడుచుకొచ్చిన గొంతుముడి. యాభై దాటి అలసిపోయిన మనిషి. తల మీద దండ పెట్టుకున్నాడు. బట్టతల కనబడకుండా ఆ దండంటే ఆయనకు మహా ఇష్టమని రోమన్ పాలకుల జీవితకథలు రాసిన సుటోనియస్ రాశాడు. చుట్టూ అక్షరాలు: ‘సీజర్, శాశ్వత నియంత’. ఆ శాశ్వతం కొన్ని వారాలు నడిచింది. మార్చి 15న పొడిచేశారు.

అసలు తమాషా సీజర్‌ను పొడిచినవాళ్ళలో ఒకడైన బ్రూటస్‌ది. క్రీ.పూ. 54లో టంకశాల కుర్రాడిగా ఉన్నప్పుడే స్వేచ్ఛాదేవతనూ, రోము నుంచి రాజుల్ని తరిమేసిన తన పూర్వీకుణ్ణీ నాణేల మీద వేయించాడు. హత్య తర్వాత, క్రీ.పూ. 42లో సైన్యంతో తిరుగుతూ ఒక డెనారియస్ వేయించాడు. బొరుసు మీద రెండు బాకులు, మధ్యలో ఒక టోపీ, కింద ‘ఈద్ మార్’ అని రెండు ముక్కలు. టోపీ బానిసకు విముక్తి ఇచ్చినప్పుడు పెట్టేది. ‘ఈద్ మార్’ అంటే మార్చి 15. ఎవరు, ఎప్పుడు, దేంతో, ఎందుకు, అన్నీ వచ్చేశాయి. జాగ్రత్తగా చూస్తే రెండు బాకుల పిడులూ ఒకలా ఉండవు. ఒకటి బ్రూటస్‌ది, రెండోది కాసియస్‌ది అనుకోవచ్చు. రాజకీయ బొమ్మల్లో ఇంత పొదుపైన కూర్పు నేను ఇంకోటి చూడలేదు.

ఇప్పుడు తిప్పండి. బొమ్మ వైపు ఉన్నది బ్రూటస్ ముఖమే, బతికున్న బ్రూటస్! ఏ పనికి సీజర్‌ను తప్పుపట్టారో, రెండేళ్ళకల్లా అదే పని. తోటి కుట్రదారు కాసియస్ మాత్రం తన ముఖం వేయించుకోలేదు. ఆ ఒక్క విషయంలో కాసియస్‌కే నా ఓటు. ఆ ఏడే ఫిలిప్పీ యుద్ధంలో ఇద్దరూ పోయారు.

ప్రశ్న: నేను బంగారు పనివాణ్ణి. అంత చిన్న జాగాలో అంత పని తీశారే, మరి చాలా నాణేల్లో బొమ్మ ఓ పక్కకు జరిగిపోయి, అక్షరాలు సగం బయటికి పోయి ఉంటాయేం?

చెక్కినవాడు వేరు, కొట్టినవాడు వేరు, అందుకని. చెక్కే పని మీకు తెలిసిందే: తిరగేసి, లోతుగా చెక్కాలి. ముఖం కుడివైపు చూడాలంటే అచ్చులో ఎడమవైపు చూడాలి. చెంప ఉబ్బుగా రావాలంటే అచ్చులో అక్కడ గుంట లోతుగా ఉండాలి. బొమ్మ వైపు అచ్చును దిమ్మెలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళ పెట్టి, పైన బొరుసు అచ్చు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. సైన్యానికి జీతాలివ్వాల్సిన సమయంలో బిళ్ళ సరిగ్గా మధ్యలో పడిందా లేదా అని చూసే తీరిక ఎవడికి? ఒక్కోసారి కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోయేది. చూసుకోకుండా తర్వాతి బిళ్ళ పెట్టి కొడితే రెండు వైపులా అదే ముఖం, ఒకవైపు ఉబ్బుగా, ఒకవైపు గుంటగా. క్రీ.పూ. 46లో కారిసియస్ అనే టంకశాల అధికారి తన డెనారియస్ మీద ఈ పనిముట్లనే వేయించాడు: దాగలి, పట్టకారు, సుత్తి. దేవుళ్ళనూ తాతల్నీ పక్కనపెట్టి పనిముట్లకు చోటిచ్చినవాడు కాబట్టి ఆయన్ను నేను గౌరవిస్తాను. చెక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఒక్క నాణెం మీదా వేయలేదు.

ముఖాలు నిజంగా అలాగే ఉండేవా అని ఇంకో ఇద్దరు అడిగారు, ఇక్కడే చెప్పేస్తాను. అది మనిషిని బట్టి. తొలి చక్రవర్తి అగస్టస్ 76వ ఏట పోయాడు. చివరిదాకా నాణేల మీద కుర్రాడే. ముడత లేదు, మచ్చ లేదు. వెస్పాసియన్ చక్రవర్తి దానికి పూర్తిగా ఎదురు: బట్టతల, దళసరి మెడ, బిగించిన పెదాలు, నుదుటి మీద గీతలు. ‘నేను సిపాయిని, నాకు సోకులు లేవు’ అని చెప్పడం కూడా ఒక రాజకీయమే కదా. నీరో నాణేలు ఏడాది వరసలో పెట్టి చూస్తే చిత్రంగా ఉంటుంది. పదహారేళ్ళ సన్నటి పిల్లవాడు పదేళ్ళలో చుబుకం కింద చుబుకం, ఎద్దు మెడ, నుదుటి మీద మెట్లుమెట్లుగా దువ్విన జుట్టుతో తయారవుతాడు. లావైతే లావుగానే చెక్కండి అన్నాడంటే ఆ ఒడ్డూ పొడుగే తన దర్జా అనుకున్నాడన్నమాట.

చెక్కుడు పనిలో మీరు తప్పక చూడాల్సింది నీరో వేయించిన ఓడరేవు సెస్టర్టియస్. ఇది ఇత్తడి నాణెం, సుమారు 35 మిల్లీమీటర్ల వెడల్పు, పాతిక గ్రాముల బరువు. ఆస్టియా రేవును ఆకాశంలోంచి చూస్తున్నట్టు చెక్కారు. రెండు వైపులా చేతులు చాచినట్టు రేవు గోడలు, పైన ఎత్తుగా నిలబెట్టిన విగ్రహం, కింద డాల్ఫిన్‌ను పట్టుకుని పడుకున్న జలదేవత, మధ్యలో ఓడలు. ఒకదానికి తెరచాప ఎత్తి ఉంది, ఒకదానికి తెడ్లు వేస్తున్నారు. ఓడల లెక్క అచ్చు అచ్చుకీ మారుతుంది, అంటే చెక్కేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండేది. విమానం లేని కాలంలో పైనుంచి చూసి గీయడం ఎంత కష్టమో నా విద్యార్థుల్ని అడగండి, బడి ఆవరణ గీయమంటేనే చేతులెత్తేసేవారు.

ప్రశ్న: మాస్టారూ, ఈ నాణేల మీద శాంతి, భద్రత, ఐకమత్యం అని రాసి ఉంటుందట. ఇవన్నీ వట్టి అబద్ధాలేనా? – ఒక జర్నలిస్టు

మీ వృత్తివాళ్ళు అడగాల్సిన ప్రశ్నే. నా పద్ధతి చెప్తాను. నాణెం ఏ మాట అరిచి చెబుతోందో, ఆ పాలకుడికి ఆ రోజుల్లో అదే కరువై ఉంటుందేమో అని ముందు అనుమానిస్తాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది చాలాసార్లు.

ఆథో ఉన్నాడు. క్రీ.శ. 69 జనవరిలో గాల్బాను చంపించి గద్దెనెక్కి, ఏప్రిల్‌లో యుద్ధం ఓడి పొడుచుకుని చచ్చాడు. ఏలింది మూడు నెలలు. ఆ మూడు నెలల నాణేల మీద ఎక్కువగా కనబడే మాట ఏమిటనుకున్నారు? ‘రోమన్ ప్రజల భద్రత’! దేవత చేతిలో దండ పట్టుకుని నింపాదిగా నిలబడి ఉంటుంది. బొమ్మ వైపు ఆథో జుట్టు వరసలు వరసలుగా, మరీ శుభ్రంగా ఉంటుంది. అది విగ్గని సుటోనియస్ బయటపెట్టాడు. తల మీదా అబద్ధమే, వెనకా అబద్ధమే.

క్రీ.శ. 96లో డొమీషియన్ హత్యయ్యాక ముసలి నెర్వాను గద్దెనెక్కించారు. సైన్యానికి డొమీషియన్ అంటే ఇష్టం, ఈయనంటే చులకన. వెంటనే నాణెం: కరచాలనం చేస్తున్న రెండు చేతులు, ‘సైన్యాల సామరస్యం’. మరుసటేడు అంగరక్షక దళం రాజభవనాన్నే చుట్టుముట్టి, డొమీషియన్ హంతకుల్ని అప్పగించేదాకా ముసలాయన్ను వదల్లేదు. ఆయన ట్రాజన్ అనే సేనానిని దత్తత చేసుకుని గండం గట్టెక్కాడు.

క్రీ.శ. 193లో డిడియస్ జూలియానస్ సంగతి ఇంకా సిగ్గుచేటు. అంగరక్షక దళం సామ్రాజ్యాన్ని వేలం వేస్తే, ఒక్కో సైనికుడికి 25,000 సెస్టర్టియస్‌లు ఇస్తానని పాడుకున్నాడు. నాణెం మీద రెండు జెండాలు పట్టుకున్న దేవత: ‘సైనికుల సామరస్యం’. డబ్బులిచ్చి కొన్న సామరస్యం 66 రోజులు నిలిచింది.

ఇంత చెప్పాక క్లాడియస్ నాణెం చూస్తే ప్రాణం లేచొస్తుంది. అంతకుముందు చక్రవర్తి కాలిగులాను చంపినప్పుడు ఈయన భయంతో తెర వెనక దాక్కుంటే, కాళ్ళు చూసి ఒక సిపాయి బయటికి లాగాడట. అంగరక్షకులే శిబిరానికి మోసుకెళ్ళి చక్రవర్తిని చేశారు. దాన్ని ఎవరైనా దాచుకుంటారు. ఈయన నాణెం మీద సాక్షాత్తూ ఆ శిబిరం గోడనే వేయించాడు, గోడ లోపల కాపలా సిపాయితో సహా. ఇంకోదాని మీద తానూ ఒక అంగరక్షకుడూ చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. మొహమాటం లేదు: నన్ను నిలబెట్టింది వీళ్ళే, జీతం వీళ్ళకే.

అన్నీ మాటలే అనుకోకండి, చేసి చూపించి వేసుకున్నవీ ఉన్నాయి. హేడ్రియన్ గద్దెనెక్కిన కొత్తలో, క్రీ.శ. 118లో, ఖజానాకు రావాల్సిన పాత బకాయిలు 90 కోట్ల సెస్టర్టియస్‌లు రద్దు చేశాడు. సెస్టర్టియస్ మీద ఒక బంట్రోతు కాగడాతో పత్రాల గుట్టకు నిప్పంటిస్తున్నాడు. కొన్ని అచ్చుల్లో పక్కన పౌరులు చేతులెత్తి ఉంటారు. అంకెతో సహా అక్షరాల్లో చెక్కించాడు. పత్రాలు నిజంగానే అందరి ముందూ కాల్చారు. అలాగని హేడ్రియన్ది ధర్మబుద్ధి అనుకోనక్కర్లేదు. ఆ కొత్తలోనే నలుగురు పెద్ద సెనేటర్లను చంపించారు, జనంలో మంచిపేరు అత్యవసరమైంది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను, లేకపోతే ఇది తెమలదు. క్రీ.శ. 286లో కరౌసియస్ అనే నౌకాదళ సేనాని బ్రిటన్‌ను పట్టుకుని నేనే చక్రవర్తినన్నాడు. అసలు చక్రవర్తులు డయోక్లీషియన్, మాక్సిమియన్ వీడి అంతు చూడాలని కాచుకున్నారు. వీడు మాత్రం నాణెం మీద మూడు ముఖాలు పక్కపక్కన వేయించి, ‘కరౌసియస్, అతని సోదరులు’ అని రాయించాడు. సోదరులు బదులు పలకలేదు. చివరికి 293లో సొంత అధికారి అల్లెక్టస్ చంపాడు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, మిగతా సామ్రాజ్యంలో వెండి నాణెం పేరుకే వెండిగా మిగిలిన ఆ రోజుల్లో వీడి డెనారియస్‌లు మంచి వెండివి. లోహం విషయంలో మర్యాదగా కనబడే చక్రవర్తులే పెద్ద మోసగాళ్ళు: గాలియెనస్ చివరి రోజుల నాణేల్లో వెండి నూటికి ఐదు పాళ్ళు కూడా లేదు, పైన తళుకు మాత్రమే.

ప్రశ్న: రాణులూ తల్లులూ ఉండేవారా, లేక అంతా మగాళ్ళేనా? – ఒక పాఠకురాలు

ఉండేవారు. ఎవరు ఏ వైపున్నారన్నది చూస్తే ఇంట్లో ఎవరి మాట చెల్లుతోందో తెలిసిపోతుంది.

నీరో తల్లి అగ్రిప్పీనా కథ మొత్తం మూడు మెట్లలో చూడొచ్చు. క్రీ.శ. 54లో కొడుకు గద్దెనెక్కగానే వేసిన బంగారు, వెండి నాణేలు: తల్లీకొడుకులు ఎదురెదురుగా, ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా. బొమ్మ వైపు చుట్టూ రాసింది తల్లి బిరుదులు! చక్రవర్తి బిరుదులు బొరుసుకు పోయాయి. 55లో ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు, కొడుకు ముందు, తల్లి వెనక; ఆమె ముఖంలో అంచు మాత్రమే కనిపిస్తుంది. బిరుదులు కూడా తారుమారయ్యాయి. ఆ తర్వాత రోము నాణేల మీద ఆమె కనిపించదు. 59లో కొడుకే చంపించాడు. మొదటి రెండు నాణేలు పక్కపక్కన పెట్టి చూడండి, ఆ ఏడాదిలో రాజభవనంలో ఎంత టెన్షన్ నడిచిందో.

కాలిగులా తన ముగ్గురు చెల్లెళ్ళనూ పేర్లతో సహా ఒకే సెస్టర్టియస్ మీద నిలబెట్టాడు, భద్రత, సామరస్యం, అదృష్టం అనే ముగ్గురు దేవతల రూపంలో. ముగ్గురూ నాటకంలో వేషాలేసిన పిల్లల్లా ఉంటారు. ఒకామె ఏడాదిలోపే పోయింది. మిగిలిన ఇద్దర్నీ అన్నే కుట్ర నేరం మోపి ద్వీపాలకు తరిమేశాడు.

ప్రశ్న: నేను రోజూ ఎన్నో నోట్లు ముట్టుకుంటాను, మీద ఏముందో ఎప్పుడూ చూడను. రోమన్లు మాత్రం చూసేవారా? మీరు ఊహించుకుంటున్నారేమో! – పేరు రాయని పాఠకుడు

పేరు రాయకపోయినా ప్రశ్న బాగుంది. కొందరు చరిత్రకారులు కూడా సరిగ్గా ఇదే అన్నారు. నా వాదన విని మీరే తేల్చండి.

సీజర్ హత్యను చాటిన బ్రూటస్ నాణెం గుర్తుంది కదా, రెండు బాకులూ టోపీ? క్రీ.శ. 68లో, నీరో మీద తిరుగుబాటు వచ్చినప్పుడు, ఎవరి పేరూ లేని డెనారియస్ ఒకటి బయటికొచ్చింది. దాని మీద అవే రెండు బాకులు, అదే టోపీ, ‘రోమన్ ప్రజల స్వేచ్ఛ తిరిగొచ్చింది’ అన్న మాటలు. మధ్యలో వందేళ్ళు దాటిపోయాయి. చూసేవాడికి గుర్తుపట్టడం రాదనుకుంటే ఎవడైనా ఆ బొమ్మను మళ్ళీ వాడతాడా?

ఇంకా కావాలా? టైబీరియస్ కాలంలో, అగస్టస్ బొమ్మ ఉన్న నాణేన్ని గానీ ఉంగరాన్ని గానీ మరుగుదొడ్డిలోకి తీసుకెళ్ళడం ప్రాణం మీదికి తెచ్చే నేరమైందని సుటోనియస్ రాశాడు. కాలిగులా చచ్చాక అతని ముఖమున్న కంచు నాణేలన్నీ కరిగించమని సెనేట్ తీర్మానించింది. ఆ కంచుతో మెస్సలీనా మహారాణి తన ముద్దుల నటుడు మ్నెస్టర్‌కు విగ్రహాలు పోయించిందని చరిత్రకారుడు కాసియస్ డియో మూతి విరిచాడు. తత్వవేత్త ఎపిక్టెటస్ అయితే మనుషుల స్వభావం గురించి చెబుతూ ఈ పోలికే తెచ్చాడు: ఈ నాణెం మీద ఎవరి ముద్ర? ట్రాజన్‌దా, ఇటివ్వు. నీరోదా, అవతల పారెయ్. వినేవాళ్ళు బొమ్మ చూడని మనుషులైతే ఆ మాట పేలేది కాదు.

మీ పక్షాన కూడా ఒక సాక్ష్యం ఉంది. అగస్టస్‌తో జరిగిన ఆక్టియం యుద్ధానికి ముందు మార్క్ ఆంటోనీ తన పటాలాల జీతాలకు లెక్కలేనన్ని డెనారియస్‌లు వేయించాడు. ఒకవైపు యుద్ధనౌక, ఇంకోవైపు గద్ద గుర్తు జెండాలు, పటాలం నంబరు. యుద్ధం ఓడాడు, చచ్చాడు, దేశద్రోహి అనిపించుకున్నాడు. నాణేలు మాత్రం రెండొందల ఏళ్ళకు పైగా చేతులు మారుతూనే ఉన్నాయి. వెండి పాలు తక్కువని ఎవరూ దాచుకోలేదు, వచ్చినవి వచ్చినట్టు ఖర్చుపెట్టేశారు. నౌక అరిగిపోయి గీతగా మిగిలినవి కూడా దొరుకుతాయి. అలాంటిది చేతిలో ఉన్నవాడు దాని మీది బొమ్మ గురించి ఆలోచించి ఉండడు, ఒప్పుకుంటాను.

మరో మాట, రోమన్ పిల్లలు నాణెం ఎగరేసి ‘తలా? ఓడా?’ అని పందెం కాసేవారని రోమన్ రచయిత మాక్రోబియస్ రాశాడు. పాత కంచు నాణేల మీద ఒకవైపు రెండు ముఖాల జేనస్ దేవుడి తల, ఇంకోవైపు ఓడ ముందుభాగం ఉండేవి మరి. ఆ బొమ్మలు పోయి వందల ఏళ్ళయినా ఆటలో మాట పోలేదు.

ప్రశ్న: బైబిల్లో ‘కైసరువి కైసరునకు’ అన్న చోట చూపించిన దేనారము ఏది? దాని మీద ఎవరున్నారు? – ఇద్దరు ముగ్గురు అడిగారు

సాధారణంగా చెప్పేది టైబీరియస్ డెనారియస్. బొమ్మ వైపు దండ పెట్టుకున్న టైబీరియస్, చుట్టూ ‘దేవుడైన అగస్టస్ కుమారుడు’ అన్న బిరుదు. బొరుసు మీద కూర్చున్న స్త్రీ, చేతిలో కొమ్మ. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని కొందరంటారు. పక్కన ‘ప్రధాన పూజారి’ అని ఉంటుంది. ఒకే దేవుణ్ణి నమ్మి, విగ్రహాలు కూడదనేవాళ్ళ చేతిలో ఈ అక్షరాలున్న నాణెం ఉందంటే, ‘ఈ రూపం ఎవరిది’ అన్న ప్రశ్న ఎంత పదునైనదో చూడండి. కళ పరంగా మాత్రం సాదాసీదా నాణెం. టైబీరియస్ ఏళ్ళ తరబడి అదే బొమ్మ వేయించాడు. ఆయనకు ఈ సరదా లేదు.

ప్రశ్న: మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఒక రోమన్ నాణెం కొన్నాడు. ఫొటో పంపుతున్నాను. అసలుదా నకిలీదా చెప్పగలరా? – ఒక టీచరు

ఫొటో చూసి చెప్పేవాణ్ణి నమ్మొద్దు, నన్ను కూడా. బరువు తూయించండి, అంచు భూతద్దంతో చూడండి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే, లేదా ముఖం మీద చిన్నచిన్న బుడగ గుంటలుంటే, అది కొట్టింది కాదు, పోత పోసింది. అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉన్నా అనుమానించాల్సిందే.

దొంగనాణెం కొత్త విద్యేం కాదు. రాగి బిళ్ళ మీద వెండి రేకు తొడిగినవి రోమన్ కాలంలోనే తిరిగాయి. అనుమానం వచ్చినవాళ్ళు కత్తితో గాటు పెట్టి లోపల చూసేవారు. 16వ శతాబ్దంలో పాడువాలో జొవానీ డ కవీనో పాత సెస్టర్టియస్‌లను అనుకరిస్తూ ఎంత బాగా చెక్కాడంటే, ఇప్పుడు ఆయన నకిలీలనే మ్యూజియంలు గౌరవంగా దాచుకున్నాయి. జర్మనీలో కార్ల్ బెకర్ (1772–1830) ఇంకో రకం. తాను కొత్తగా కొట్టిన నాణేల్ని ఇనుప రజను, జిడ్డు కలిపిన పెట్టెలో వేసి, బండి కింద కట్టి ఊళ్ళు తిప్పేవాడట, పాతబడ్డ రంగు రావాలని.

నాణెం అసలుదైనా పని అయిపోదు. బ్రూటస్ ‘ఈద్ మార్’ నాణెం బంగారంలోనూ ఉంది, తెలిసినవి మూడే. వాటిలో ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటి పలికింది. ఇది ఫలానావారి పాత సేకరణలోదని చూపిన వివరాలు కల్పితమని తేలి, 2023లో దాన్ని గ్రీసుకు తిరిగి ఇచ్చేశారు. మీ మేనల్లుడిది అంత ఖరీదైనది కాకపోవచ్చు గానీ, అమ్మినవాణ్ణి బిల్లుతో పాటు అది ఇంతకుముందు ఎవరెవరి దగ్గర ఉందో రాసివ్వమనండి. ఇవ్వనంటే నాణెం వాడికే తిప్పి పంపేయమనండి.